పులి ఎముకలో విరిగిన మొన

ఏ రాజు ఏలిన ఊరో గానీ, అక్కడ కొలిమి నడిపే పోలమ్మ చేతి పనంటే అందరికీ గురి.

ఒక పొద్దున రాజుగారి సేనను నడిపే దళవాయి రణమల్లు మొన విరిగిన కత్తి తెచ్చి ఆమె ముందు పడేశాడు.

"రాజుగారు బహూకరించిన కత్తి ఇది. పులిని పొడిస్తే ఎముకలో మొన విరిగింది, పులి పారిపోయింది. రేపు ఆయుధపూజలో ప్రభువు చూస్తారు. మొన రావాలి, కత్తి గోరంత కూడా పొట్టి కాకూడదు. పొట్టి అయిందో, నీ కొలిమి ఆర్పించేస్తా!"

కొత్త మొన తీయాలంటే కత్తిని అరగదీయాలి. అరగదీస్తే పొట్టి కాక మానదు. పోలమ్మ తాపీగా కత్తిని తిప్పి చూసింది.

"అయితే విరిగిన ముక్కే అతకాలి దొరా. అది పులిలో ఉందంటున్నారుగా! వేటగాళ్లను పంపి ఆ పులిని పట్టించమని ఇప్పుడే రాజుగారికి మొరపెట్టుకుంటాను," అంటూ చెంగు దులుపుకుని లేచింది.

దళవాయి గబగబా ఆమెకు అడ్డం వచ్చాడు. "ప్రభువుకెందుకులే శ్రమ! కాస్త పొట్టి అయితే ఏం పోయింది? అరగదీసెయ్ పోలమ్మా."

"అలాగే దొరా," అని ఆమె మళ్లీ కూర్చుంది. పిడి దగ్గర ఇరుక్కున్న కొబ్బరి పలుకును గోటితో తీసి నోట్లో వేసుకుంది.

"పులి ఎముక తియ్యగానే ఉంది దొరా!"