ఎలియాజరు గారి ట్రాక్‌బాల్

పరాంకుశం మాస్టారికి ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు లేదు. విశాఖపట్నం వన్‌టౌన్‌లో పాత రేడియోలు, టేప్‌రికార్డర్లు, వీడియో గేములు బాగుచేసే దుకాణం ఆయనది. ఎవరైనా ఏదైనా అడిగితే "చూద్దాం" అని ఊరుకునేవారు. ఒక్కోసారి ఆ చూడటానికి ఆరు నెలలు పట్టేది.

పాలిటెక్నిక్‌లో పదకొండేళ్ళు పాఠాలు చెప్పి, చేతిపని నేర్చుకోవాలని ఆయన దగ్గర చేరిన ఇందుమతి ఒకరోజు అడిగింది. "మాస్టారూ, ఒక వస్తువు బాగుపడిందని ఎప్పుడు అనుకోవాలి? కొత్తప్పుడు ఎలా పనిచేసిందో అలా పనిచేస్తే చాలా?"

"చూద్దాం" అన్నారు మాస్టారు.

ఆ వారంలోనే సువర్తమ్మ అనే పెద్దావిడ బరువైన సంచితో వచ్చింది. ఆమె భర్త ఎలియాజరు గారు ఓడల మీద రేడియో ఆఫీసరుగా ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశారు. నలభై ఏళ్ళ కిందట సింగపూర్‌లో ఒక వీడియో గేమూ, దాంతోపాటు ఇప్పుడు ఆమె సంచిలో తెచ్చిన ఈ ట్రాక్‌బాల్ కొన్నారు. నల్లటి పెట్టె, పైన సగం బయటికి కనబడే పెద్ద ఉండ. అరచేత్తో ఉండను ఎటు దొర్లిస్తే తెరమీద గురి అటు కదులుతుంది. ఆకాశం నుంచి పడే బాంబులు ఊళ్ళను తాకకముందే పేల్చెయ్యడం ఆ ఆట.

రెండేళ్ళ కిందట ఎలియాజరు గారికి పక్షవాతం వచ్చింది. ఓడలో మీట నొక్కుతూ సముద్రాల అవతలికి కబుర్లు పంపిన కుడిచేతి వేళ్ళు ఇప్పుడు చెంచా కూడా పట్టలేవు. అయినా ఉండ మీద అరచెయ్యి ఆన్చి, భుజం బలంతో తోస్తూ రోజూ మధ్యాహ్నం ఒక గంట ఆడేవారు.

"ఈ మధ్య ఎడం పక్కకి తిరగట్లేదండి" అంది సువర్తమ్మ. "ఆ ఒక్క గంటే ఆయన కుర్చీలో నిటారుగా కూర్చునేది. ఇది మొరాయించాక మంచం దిగడం లేదు."

ఇందుమతి నాలుగు రోజులు దానిమీదే కూర్చుంది. ఉండ కింద రెండు ఇరుసులున్నాయి. ఒకదానికి గాడి పడింది, బేరింగులు తుప్పు పట్టాయి. కొత్త ఇరుసు చేయించింది, బేరింగులు మార్చి పల్చటి నూనె వేసింది. ఇప్పుడు చిటికెన వేలు తగిలినా ఉండ గిర్రున తిరుగుతోంది. మాస్టారు ఒకసారి తిప్పి చూసి, మళ్ళీ తన స్టూలు మీదికి వెళ్ళారు.

మర్నాడు పొద్దున భార్యాభర్తలిద్దరూ ఆటోలో వచ్చారు. ఎలియాజరు గారు సన్నగా, పొడుగ్గా ఉన్నారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా మెడదాకా గుండీలు పెట్టి ఉంది. బల్లమీద టీవీకి గేము తగిలించి, ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టారు. ఎడంచేత్తో కుడిచేతిని ఎత్తి ఉండ మీద పెట్టుకున్నారు. గురి తెర అంచుకు దూసుకుపోయింది. వెనక్కి తేబోతే రెండో అంచుకు పోయింది. మూడు ఊళ్ళు కాలిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ అంతే. ఆయన చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"మీరు బాగానే చేశారమ్మా" అన్నారు మెల్లగా. "బాగాలేనిది చెయ్యి."

పెట్టెను తిరిగి సర్దుకోవడానికి సువర్తమ్మ సంచి విప్పింది. ఇందుమతికి ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు. కొత్తప్పుడు కూడా ఇంత తేలిగ్గానే తిరిగేదని చెప్పబోయి ఆగింది. అది నిజమే, కానీ ఆయనకు ఎందుకూ పనికిరాని నిజం.

అప్పుడు మాస్టారు తన స్టూలు మీంచి లేచారు. "ఎలియాజరు గారూ, ఒక్కసారి మీ చెయ్యి ఇందుమతి చేతిమీద పెట్టి ఎడం పక్కకి తోయండి."

ఇందుమతి పిడికిలి బిగించి బల్లమీద పెట్టింది. దానిమీద ఆయన చెయ్యి వాలింది. మోచేతి బరువు, భుజం బరువు అంతా అందులోనే ఉంది. కాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత ఒక్క కుదుపుతో తోపు మొదలై, ఆపడానికి వీల్లేనట్టు సాగింది. ఆయన నుదుట చెమట పట్టింది.

ఇందుమతి వెంటనే పెట్టె విప్పింది. తాను వేసిన నూనెను బేరింగుల నుంచి శుభ్రంగా తుడిచేసి, చిక్కటి గ్రీజు పెట్టింది. ఎలియాజరు గారు తోసి చూసి, "ఇంకొంచెం బిగువుగా" అన్నారు. ఆమె మళ్ళీ విప్పింది. "ఇంకొంచెం." మళ్ళీ విప్పింది. మూడోసారి, "పైకి తోస్తుంటే ఎక్కువైందమ్మా" అన్నారు, కాస్త మొహమాటంగా. ఆ ఇరుసుకు గ్రీజు తగ్గించింది. కొత్త వస్తువులో ఎవరూ ఒప్పుకోనంత మొద్దుగా తిరుగుతోంది ఇప్పుడా ఉండ.

ఆయన మళ్ళీ చెయ్యి ఆన్చారు. గురి నెమ్మదిగా కదిలి, ఒక బాంబు కిందికి వచ్చి నిలబడింది. ఆయన ఎడంచేత్తో మీట నొక్కారు, బాంబు గాల్లోనే పేలింది. తర్వాత ఇంకొకటి.

"ఇప్పుడెలా ఉందండీ?" అంది ఇందుమతి.

ఆయన పలకలేదు.

ఆమె గ్రీజు డబ్బా చేతిలోకి తీసుకుని, కాస్త ముందుకు వంగి మళ్ళీ అడిగింది. "ఇంకా ఏమైనా సరిచెయ్యాలాండీ?"

ఎలియాజరు గారు తెరమీంచి చూపు తిప్పలేదు. వీపు కుర్చీకి ఆనకుండా నిటారుగా ఉంది. సువర్తమ్మ సంచి మడిచి ఒళ్ళో పెట్టుకుని పక్క బెంచీ మీద కూర్చుంది.

మాస్టారు ఇందుమతి చేతిలోంచి డబ్బా తీసుకుని మూత పెట్టారు.

"అడక్కమ్మా" అన్నారు. "ఆయన ఆడుకుంటున్నారు."