జెర్రిపోతు వదిలిన తీగ

పొద్దెక్కినా మంచు విడవని గడ్డిబీడులో తాబేలవ్వ అడవిపిల్లలకు బడి నడిపేది. నేలతల్లికి మొక్కనిదే పాఠం మొదలుపెట్టేది కాదు.

ఆ ఉదయం గుంటనక్క పెద్దమనిషిలా వచ్చి కూర్చుంది. జెర్రిపోతు పాము గడ్డిలో గూళ్లు పెట్టే కంజుపిట్టల గుడ్లు మింగేస్తోందని దానికి కడుపుమంట. ఆ గుడ్లన్నీ తనకే దక్కాలి. పాము కుటుంబాన్ని బీడు దాటించడానికి అడవిపెద్దల్ని అప్పటికే ఒప్పించింది.

"పంపిద్దువులే నాయనా! ముందు మా పిల్లలతో ఒక్క ఆట ఆడు" అంది తాబేలవ్వ.

"ఆటలాడే వయసా అవ్వా నాది?"

"తినే వయసేగా! రా."

ఎవరు ఎవర్ని తింటారో, ఎవరి చాటున బతుకుతారో వాళ్ల మధ్య తీగలు కట్టారు. గడ్డిదుబ్బు నుంచి ఎలుకకు, కుందేలుకు, కంజుపిట్టకు. ఎలుక నడుము నుంచి జెర్రిపోతు పిల్ల తోకకు. కుందేలు, కంజుల నుంచి నక్క కాళ్లకు.

"తీగ వదులైనవాళ్లు కళ్లు మూసుకోవాలి. పోయినవాళ్లు తిరిగొచ్చేదాకా ఉలకకూడదు, పలకకూడదు. ఊఁ, ఎవరు ముందు పోవాలి నాయనా?"

"ఇంకెవరు? ఈ పామే!"

జెర్రిపోతు పిల్ల తోక విడిపించుకుని మంచులోకి జారిపోయింది. వెనక్కి లాగేవాళ్లు లేక ఎలుకపిల్ల కేరింతలతో గడ్డివైపు తీగ గుంజింది. దుబ్బు వేళ్లతో సహా పెళ్లున ఊడివచ్చింది.

కుందేలు కళ్లు మూసుకుంది. కంజు మూసుకుంది. తినడానికేం మిగలక ఎలుకా మూసుకుంది. నక్క కాళ్లకున్న తీగలు మెత్తగా జారి నేలమీద పడ్డాయి.

"బాగుందే మీ ఆట!" నక్క నవ్వింది. ఎవరూ నవ్వలేదు.

నక్క వంగి కుందేలు ముఖం మీద ఊపిరి వదిలింది. చెవైనా కదల్లేదు. ఎక్కడా కీచురాయి అరవలేదు.

"అవ్వా?"

తాబేలవ్వ డిప్పలోకి తొంగిచూసింది. తల లోపల ఉందో లేదో, చీకటి తప్ప ఏమీ కనబడలేదు. అంత బీడులోనూ వినబడేది తన కడుపులో ఆకలి ఒక్కటే.

 పాముపిల్ల వదిలిన తీగ నోట కరుచుకుని నక్క మంచులోకి పరుగెత్తింది.

"తల్లీ, రా! పట్టుకో!"

"నువ్వేగా మామా పొమ్మన్నావు?"

"బుద్ధి తక్కువై అన్నానమ్మా! మీ అమ్మను కదిపితే పెద్దలతో నేనే తగువుకు పోతా. రా!"

పాముపిల్ల వచ్చి తోక చుట్టుకున్నాక గానీ పిల్లలు కళ్లు తెరవలేదు. కంజుపిల్లను చూసి నక్క గుటక మింగి, తల దించుకుని పెద్దల దగ్గరికి నడిచింది.

ఒకరిని అక్కర్లేదని తరిమే ముందు, మన నోటి ముద్ద ఎందరి చేతులు దాటి వస్తోందో చూసుకోవాలి.