ముంగిస దరఖాస్తులో మూడు చావులు

కొండవాగు పక్కన జంతువుల వైద్యశాల ఒకటుంది. రోగం నయం చేయడం, ఆ రోగం ఎందుకొస్తుందో పరిశోధించడం, రెండూ కలిపి ఎనిమిదేళ్లు నేర్పే చదువు ఆ అడవిలో అక్కడొక్కచోటే ఉంది. ఏడాదికి ఒక్కటే సీటు. ఎంపిక చేసేది ముసలి ఏనుగు భద్రమ్మ.

పైడి అనే ముంగిస రెండేళ్లుగా ఆ సీటు కోసమే కష్టపడుతోంది. గాలికుంటు రోగంతో నోరంతా పుళ్లు పడ్డ జింకలకు ఒక చేదాకు రసం పట్టించి, ఏ జింకకు ఏమైందో తాటాకుల మీద రాసుకుంది. ఇరవై జింకల్లో పదిహేడు బతికాయి. మూడు చనిపోయాయి. ఈ లెక్కనే వేరే తాటాకుల మీద దరఖాస్తుగా రాసింది.

దరఖాస్తు గడువుకు రెండు రోజుల ముందు నక్క జంబయ్య వచ్చాడు. అతనికీ ఆ సీటు మీదే కన్ను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"ఏదీ చెల్లీ, నీ దరఖాస్తు చూపించు. తప్పులుంటే దిద్దుతాను," అంటూ తాటాకులు అందుకుని, చదివి పెదవి విరిచాడు. "ఈ చావుల గోల ఎందుకమ్మా? తీసెయ్."

"జరిగింది కదన్నా, ఎలా తీసేస్తాను?"

"నీ ఇష్టం. అక్షరాలైనా సరిచూసి రేపు తెచ్చిస్తాలే," అని వాటిని పట్టుకెళ్లాడు. మర్నాడు తెచ్చిచ్చాడు కూడా.

ఇంటర్వ్యూ రోజున భద్రమ్మ ఇద్దరినీ కలిపే పిలిచింది.

"మీ దరఖాస్తులు రెండూ ఒక్కలాగే ఉన్నాయి. జంబయ్య ఇరవైకి ఇరవై బతికాయన్నాడు, పైడి పదిహేడంది. అంతే తేడా. దొంగ ఎవరు?"

"అది నేను రాసిందే అమ్మగారూ!" అంది పైడి. జంబయ్య మాత్రం కళ్లొత్తుకున్నాడు. "చెల్లెలని నమ్మి చూపించానమ్మగారూ. కాపీ కూడా సరిగ్గా కొట్టలేకపోయింది."

సాక్షులెవరూ లేరు. భద్రమ్మ తొండంతో ఒక గిన్నె ముందుకు జరిపింది. అందులో పచ్చటి రసం ఉంది.

"లోపల నా మనవడున్నాడు. పుట్టి పది రోజులే. నోటి పుళ్లతో పాలు తాగలేకపోతున్నాడు. ఒక్క ప్రాణమూ పోని మందు నీది కదా జంబయ్యా, వెళ్లి పట్టించు."

జంబయ్య గిన్నె తీసుకుని చకచకా లోపలికి నడిచాడు. వెనకే భద్రమ్మ, పైడి వెళ్లారు. గున్న నోరు తెరిచాడు. జంబయ్య గిన్నె వంచబోయాడు.

"వద్దు!" పైడి ఒక్క దూకులో గిన్నెను తన్నేసింది. "చనిపోయిన మూడూ పాలు తాగే కూనలే! నేను పట్టించిన రసంతోనే పోయాయి, నా చేతుల్లోనే!"

"ఎందుకు పోయాయి?" అంది భద్రమ్మ.

"తెలీదమ్మగారూ," అంది పైడి. "పెద్దవాటిని బతికించేది పసివాటినెందుకు చంపుతోందో తెలుసుకుందామనే ఈ చదువుకొచ్చాను. సీటు ఇవ్వకపోయినా సరే, ఆ రసం మాత్రం పట్టించకండి."

భద్రమ్మ నక్క వైపు తిరిగింది. "అది ఏ హానీ చేయని పొన్నగంటాకు రసం జంబయ్యా. చేదు వాసన లేదని కూడా నీకు అనుమానం రాలేదు. నీ మందే నీకు తెలీదు."

జంబయ్య తోక ముడుచుకుని గుమ్మం దాటాడు.

"సీటు నీదే పైడీ," అంది భద్రమ్మ. "రా, ముందు వీడి నోరు చూడు."

పైడి కళ్లు తుడుచుకుని, గోరువెచ్చని నీళ్లు తెమ్మంది.

పోయిన ప్రాణాన్ని దాచకుండా చెప్పేవారికే ఉన్న ప్రాణాన్ని అప్పగించాలి.