గట్టిగా మాట్లాడండి

పిచ్చయ్య స్వామి ఆశ్రమంలో ఫోన్ల వ్యవహారమంతా శిష్యుడు వీరభద్రానిదే. స్వామికి మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగలేరు. అందుకని కింద ఆఫీసుకొచ్చిన ఫోన్ పైగదిలో మోగేట్టు వీరభద్రం ఏర్పాటు చేశాడు. ఆ పనితనం చూసుకుని తనలో తనే మురిసిపోయేవాడు కూడా. స్వామికి ఉక్క పడదని ఆ గదిలో రోడ్డువైపు కిటికీ తెరిచే ఉండేది, ఒక పాత ఫ్యాను పగలంతా గడగడమంటూ తిరిగేది.

తంటా ఏమిటంటే, అలా మళ్లించిన ఫోన్లో అవతలి గొంతు సగానికి సగం తగ్గిపోయేది. వీరభద్రం మీట నొక్కి నొక్కి సౌండు పెంచాడు. రిపేరువాణ్ణి పిలిపించాడు. ఏం లాభం? చివరికి తన గొంతే పెంచుకున్నాడు.

"హలో! వినపడట్లేదు! గట్టిగా మాట్లాడండి!"

అవతలివాళ్లూ అరిచేవారు. ఏదో పని జరిగిపోయేది.

ఎండలు మండిపోతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం వజ్రమ్మ పైగదికి వచ్చింది. ఆవిడ భర్త సూరయ్య చీరాల దగ్గర మగ్గం నేసేవాడు. ఏటా స్వామికి తన చేత్తో నేసిన దుప్పటి తెచ్చి ఇచ్చేవాడు. ఈసారి ఆవిడ ఒక్కతే తెచ్చింది.

స్వామి దుప్పటి ఒళ్లో పెట్టుకుని ఆవిడ ముఖం చూశారు. "సూరయ్య ఎప్పుడు పోయాడమ్మా?"

"నెల దాటింది స్వామీ, ఓ గురువారం నాడు. మీ గొంతు ఒక్కసారి వినాలన్నాడు. ఫోన్ చేశాను."

ఫోన్ పక్కన కూర్చున్న వీరభద్రం తలెత్తాడు. "అయ్యో, ఆ ఫోన్ మీదా అమ్మా? ఒక్క ముక్క వినపడితే ఒట్టు. గట్టిగా మాట్లాడమని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! మీరేమో పెట్టేశారు."

"చెప్పావు నాయనా." ఆవిడ గొంతులో కోపమేమీ లేదు. "ఆయన పక్కనే పడుకుని వింటున్నాడు. ఆయన పోతున్నాడని గట్టిగా ఎట్లా చెప్పను?"

వీరభద్రం ఫోన్ వైపు, స్వామి వైపు చూశాడు. ఆ గురువారం తను కూర్చున్నది ఇక్కడే. స్వామి కూర్చున్నదీ ఇక్కడే, చెయ్యి చాపితే అందేంత దూరంలో.

ఆవిడ వెళ్లిపోయాక వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఈ దిక్కుమాలిన ఫోన్ పీకించేస్తాను స్వామీ. మంచిది తెప్పిస్తాను. చీమ మాట్లాడినా వినపడేట్టు చేయిస్తాను."

స్వామి దుప్పటి పక్కన పెట్టారు. గోడ పట్టుకుని కష్టంగా లేచారు. వెళ్లి రోడ్డువైపు కిటికీ మూశారు. ఫ్యాను ఆపేశారు. మళ్లీ వచ్చి దుప్పటి ఒళ్లోకి తీసుకుని కూర్చున్నారు. చూస్తుండగానే ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"ఆ రోజు ఈ ఫ్యాను తిరిగింది నా కోసమే," అన్నారు. ఆయన కళ్లలోనూ నీళ్లున్నాయి.



ఫోన్ మోగింది. వీరభద్రం కళ్లు తుడుచుకుని తీశాడు. ఎవరో ఆడమనిషి. గొంతు ఎప్పటిలాగే సన్నగా, ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, రెండో చెవి అరచేత్తో మూసుకున్నాడు.

"మెల్లగానే చెప్పండమ్మా," అన్నాడు. "వింటున్నాను."