దళవాయి పీకిన బాణం

సోమభూపతికి అందమంటే ప్రాణం. ఒకరోజు నల్లగుట్ట కోటలో కవాతు చూస్తుంటే ఆయన కన్ను సైనికుల నడుముల మీద పడింది. మూడువందల నడుములకు మూడువందల మాసిన మూటలు వేలాడుతున్నాయి.

అవేమిటని అడిగాడు.

పక్కనే ఉన్న సేనాధిపతి, దళవాయి రణమల్ల నాయకుడు ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. అవి ఆయుధశాల చూసుకునే బయ్యన్న కట్టించిన చెత్త అన్నాడు. ఒక్కో మూటలో నూనె బుడ్డి, సానరాయి, నాలుగు గుడ్డ పట్టీలు తప్ప ఏమీ లేవని చెప్పాడు. వాటిని పారేసి తలపాగాలకు నెమలి ఈకల కుచ్చులు పెడితే సైన్యం పెళ్లివారిలా కళకళలాడుతుందని కూడా చెప్పాడు. తన తలపాగాకు అప్పటికే ఒకటి పెట్టుకుని వచ్చాడు.

రాజుకు ఆ మాట నచ్చింది. బయ్యన్నను పిలిపించాడు.

బయ్యన్న ఒకప్పుడు సైనికుడే. ఏటిగడ్డ పోరులో తన పక్కవాడి తొడకు దెబ్బ తగిలింది. గాయం వేలెడంత కూడా లేదు. వైద్యుడి కోసం మనుషులు పరుగులు తీస్తుండగానే వాడు చల్లబడిపోయాడు. తలపాగా చించి గాయం మీద నొక్కిపెట్టాలని ఆ రోజు బయ్యన్నకు తోచలేదు. ఆ తర్వాతే ఈ మూటలు మొదలుపెట్టాడు. అదంతా నలుగురిలో చెప్పడానికి అతనికి నోరు రాలేదు. మూటలు ఉండనివ్వమని మాత్రం వేడుకున్నాడు.

"సరే, వాటి అవసరమేమిటో రేపు సభలో చూపించు," అన్నాడు రాజు. "యుద్ధం జరక్కూడదు. నెత్తురు చుక్క కారకూడదు. చూపించలేకపోతే మూటలు పొయ్యిలోకి, నువ్వు ఇంటికి."

మర్నాడు పొద్దున బయ్యన్న ఒక పెద్ద తోలుతిత్తిని నీళ్లతో నింపి మోసుకొచ్చాడు. దానికి తలపాగా చుట్టాడు, బొగ్గుతో మీసాలు దిద్దాడు. సభ మధ్యలో ఒక కొయ్యకు తాడుతో వేలాడదీశాడు. తిత్తి పక్కన, కాస్త కిందుగా ఒక బాణం గట్టిగా దిగి ఉంది. బాణం చుట్టూ చుక్క నీరు కూడా కారడం లేదు.

ఇతను దళవాయిగారి దండులో మల్లు అని బయ్యన్న పరిచయం చేశాడు. శత్రువులు కట్టేశారట, తొడలో బాణం దిగిందట. ఒంట్లో ఉన్నది నీళ్లు కాదు, నెత్తురు అనుకోవాలట. కట్లు తెంచి ఇతన్ని కాపాడమని దళవాయిని వినయంగా కోరాడు.

రణమల్లుడు నవ్వి, ముందు తాడు కోద్దామని రత్నాలు పొదిగిన ఒర మీద చెయ్యి వేశాడు. కత్తి రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాడు. ఒరతో పాటు తనూ ఒక చుట్టు తిరిగాడు గాని కత్తి రాలేదు. పోయిన వానాకాలంలో అది తడిసింది. అప్పటినుంచి బయట రత్నాలు తుడుస్తున్నారే తప్ప లోపల తుప్పు పట్టిన కత్తికి ఎవరూ నూనె రాయలేదు.

ఇద్దరు భటులు వచ్చి ఒకడు ఒర, ఒకడు పిడి పట్టుకున్నారు. ముగ్గురూ కలిసి లాగితే పిడి ఊడి చేతికొచ్చింది. కత్తి ఒరలోనే ఉండిపోయింది.

సభలో దగ్గులు మొదలయ్యాయి.

దళవాయి ముఖం ఎర్రబడింది. తాడు సంగతి తర్వాత, ముందు మనిషి ప్రాణం చూడాలంటూ తిత్తి దగ్గరికి వెళ్లాడు. బయ్యన్న నోరు తెరిచేలోపే బాణాన్ని పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

నీళ్లు ధారకట్టి పట్టుపంచె మీద పడ్డాయి. దళవాయి వేలు అడ్డం పెట్టాడు. నీళ్లు వేలి పక్కనుంచి ముఖం మీదికి చిమ్మాయి. తలపాగాలోని నెమలి కుచ్చు తీసి చిల్లిలో కుక్కాడు. ఈకల మధ్యనుంచి మూడు ధారలు వచ్చాయి. వైద్యుణ్ణి పిలవమని కేక వేశాడు. రాజవైద్యుడు వచ్చి, రోగిది వాత శరీరమా పిత్త శరీరమా అని అడిగి, మూలికలకు మనిషిని పంపుతానన్నాడు. అప్పటికి మల్లు పొట్ట పీక్కుపోతోంది.

బయ్యన్న ఇక ఆగలేకపోయాడు. తన నడుం మూట విప్పాడు. ఉతికి ఎండబెట్టిన పట్టీని మడతలు పెట్టి చిల్లి మీద ఉంచి, అరచేత్తో బలంగా అదిమిపట్టాడు. ఆ మడత మీంచి ఇంకో పట్టీని తిత్తి చుట్టూ బిగించి కట్టాడు. ధార సన్నబడింది, చుక్కలయింది, ఆగిపోయింది.

"దిగిన బాణాన్ని పీకకూడదు ప్రభూ," అన్నాడు రొప్పుతూ. "ఆ చిల్లికి అదే బిరడా. దాన్ని కదలకుండా ఉంచి, చుట్టూ గుడ్డ పెట్టి కట్టాలి. వైద్యుడు వచ్చేదాకా నెత్తురు ఆపేది ఈ గుడ్డే."

రాజు సింహాసనం దిగి వచ్చి తిత్తిని అటూ ఇటూ చూశాడు.

"ఇంతకీ మీ మల్లు బతికాడా, బయ్యన్నా?"

బయ్యన్న తిత్తిని తట్టి చూశాడు. తర్వాత నీళ్లోడుతున్న దళవాయి వంక చూశాడు.

"సగం మనిషి బతికాడు ప్రభూ. మిగతా సగం దళవాయిగారి పంచెలో ఉన్నాడు."

ముందు రాజే నవ్వాడు. సభ ఘొల్లుమంది. దళవాయి కూడా పంచె పిండుకుంటూ నవ్వక తప్పలేదు.

సోమభూపతి తన చేతి కంకణం తీసి బయ్యన్న చేతికి తొడిగి, మూటలు ఎక్కడివక్కడే ఉంటాయన్నాడు. పదిరోజులపాటు ఆయుధశాలకు వెళ్లి, కత్తి తుడవడం, కట్టు కట్టడం బయ్యన్న దగ్గర నేర్చుకోమని దళవాయికి అక్కడే ఆజ్ఞ ఇచ్చాడు.