సర్దుకుపోయిన కాపురం

ఊళ్ళో తెలివంటూ ఏదైనా ఉంటే అది తమ గడప లోపలే ఉందని గవరయ్యకు గట్టి నమ్మకం. వాళ్ళావిడ వరహాలుకు ఇంకా గట్టి నమ్మకం. వాన పడితే నూతిలో నీళ్ళు తడిసిపోతాయని మూత పెట్టేది ఊరు మొత్తం మీద వాళ్ళే మరి!

ఒకనాడు వరహాలు వంకాయకూర పొయ్యి మీద పెట్టి, "మావా, నీళ్ళకెళ్ళొస్తాను. కూర చూస్తూ ఉండు" అంది. అంతే, గవరయ్య పీట వేసుకు కూర్చుని రెప్ప వెయ్యకుండా చూశాడు. ఆవిడ తిరిగొచ్చేసరికి ఇల్లంతా పొగ.

"చూడమన్నాను కదా!"

"చూశానే! ముందు ఎర్రబడింది, తర్వాత నల్లబడింది, ఆనక మంటొచ్చింది. ఒక్కటీ వదల్లేదు."

"ఇక నీతో మాట్లాడను, పో!" అంది వరహాలు. పొమ్మంది కదా అని గవరయ్య పొలిమేర దాకా పోయి, ఆకలేసి తిరిగొచ్చాడు. "అన్నం పెడతావా?" అనడిగితే, "నీతో మాట్లాడట్లేదని ఎన్నిసార్లు చెప్పాలి? పొద్దుట్నించీ అదే చెబుతున్నాను!" అని అరిచింది.

గవరయ్యకు గుండె బరువెక్కింది. కూర లేకపోయినా అన్నం దిగుతుంది గానీ, వరహాలు మాట లేకపోతే దిగదు. పక్కవీధిలో ఒంటరిగా ఉండే మేనత్త సూరీడమ్మ దగ్గరికి పరిగెత్తాడు. ఊళ్ళో మొగుడూపెళ్ళాల తగువులన్నీ తీర్చేది ఆవిడే.

"మనసులో ఏదీ దాచుకోకూడదురా. ఏదున్నా ముఖం మీదే చెప్పు" అంది సూరీడమ్మ.

"ముఖం మీద చెప్పా!" అని గవరయ్య తన కాళ్ళకేసి చూసుకున్నాడు. పెద్దావిడ మాట, కాదనగలడా? ఇంటికెళ్ళి, కొత్త చెప్పు తీసి శుభ్రంగా తుడిచి, కునుకు తీస్తున్న వరహాలు ముఖం మీద మెల్లిగా పెట్టాడు. ఆవిడ కెవ్వుమని లేచింది.

"అత్తే చెప్పమందే!"

"అత్త చెప్పిందా? ఆ ముక్క ముందే అనొద్దూ!" అని వరహాలు రెండో చెప్పు తీసి మొగుడి ముఖం మీద పెట్టింది. ఇద్దరూ అలాగే వెల్లకిలా పడుకున్నారు. ఎంతసేపటికీ తగువు తీరలేదు. మెడలు మాత్రం పట్టేశాయి.

ఇద్దరూ కలిసి అత్త దగ్గరికెళ్ళారు. ఆవిడ నెత్తి కొట్టుకుంది. "అది కాదర్రా! ఒకళ్ళ తప్పులు ఒకళ్ళు చూసీ చూడనట్టు పోవాలి."

ఇంకేముంది! ఒక కన్ను తెరిచి, ఒక కన్ను మూసి, ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని బయల్దేరారు. వరహాలు మూసిన కంటి వైపే అత్త గేదె కట్టి ఉంది. ఢీకొట్టారు. గేదె బెదిరి, తాడు తెంపుకుని, అత్త పెరట్లో ఆనపపాదు మీద పడింది. పందిరీ పోయింది, పాదూ పోయింది.

"ఓరి మీ కాపురం చల్లగుండ!" అంటూ సూరీడమ్మ గేదె వెనక పరిగెడుతూ అరిచింది. "నన్ను చంపకండర్రా! సంసారమన్నాక కాస్త సర్దుకుపోండి!"

"ఇది తేలిక" అన్నాడు గవరయ్య. అంతే, ఇద్దరూ ఇంటికెళ్ళి కుండలు, మంచం, రోలు, పొయ్యి రాళ్ళు సర్దేశారు. దొంగలు తలుపు తీస్తారేమోనని తలుపు కూడా ఊడదీసి బండికెత్తారు. ఎత్తేటప్పుడు "అటు పట్టు మావా", "నీ వేలు జాగర్తే" అనుకుంటుంటే, అలకే మర్చిపోయారు. గవరయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"సరే గానీ, ఎక్కడికి పోవాలి?" అంది వరహాలు.

"అత్త చెప్పలేదే! పద, అడుగుదాం."

బండి గుమ్మంలో ఆగేసరికి సూరీడమ్మ విసుక్కుంటూ బయటికొచ్చింది. కానీ ఇద్దరూ నవ్వుకుంటూ దిగడం చూసి మెత్తబడింది. చల్ల ఇచ్చి, "ఎండన పడి వచ్చారు, కూర్చోండి. మొహమాటపడకండి, మీ ఇల్లే అనుకోండి" అంది.

ఇద్దరూ వెంటనే అలాగే అనుకున్నారు. మంచం వేశారు, రోలు దింపారు, తలుపు గోడకు చేర్చారు. పొద్దు వాలింది. సూరీడమ్మ వంటింట్లో ఎసరు పెడుతోంది.

"ఈవిడింకా ఇక్కడే ఉందేంటే?" అన్నాడు గవరయ్య గొంతు తగ్గించి.

"చుట్టం కదా మావా, నొప్పించకుండా చెప్పాలి" అని వరహాలు వంటింట్లోకెళ్ళి సూరీడమ్మ నుదుట బొట్టు పెట్టింది, చేతిలో రవికెగుడ్డ పెట్టింది. "చీకటి పడుతోందత్తా. ఇంక బయల్దేరు."

"ఎక్కడికే?" అంది సూరీడమ్మ గరిటె పట్టుకుని.

గవరయ్య ఆవిణ్ణి మర్యాదగా వీధి మలుపు దాకా సాగనంపి, దణ్ణం పెట్టి అన్నాడు:

"మళ్ళీ రా అత్తా. మొహమాటపడకు, నీ ఇల్లే అనుకో!"