ఏటి మధ్యలో నూట తొమ్మిదో పథకం

చిన్న కథే. నోట్లో వక్క నలిగేలోగా అయిపోతుంది.

వెనకటికి గంధపాడు రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. ఇప్పుడు మన ఆఫీసుల్లో ప్రాజెక్టు అంటున్నారు చూశారూ, అది ఆయన ఆనాడే కనిపెట్టి, పథకం అని పేరు పెట్టాడు. మా వీధి కుళాయికి ఇప్పటికి మూడు ప్రాజెక్టులొచ్చాయి. మూడు బోర్డులూ తళతళలాడుతున్నాయి. నీళ్లేవయ్యా అని సర్పంచిని అడిగితే బోర్డు చదువుకోమంటాడు. ఆయనకు కోపం వస్తే ఊరుకోడు కనక కథలోకే వద్దాం.

ఉద్దండవర్మ శాశ్వతమైన కొలువులన్నీ రద్దు చేశాడు. ప్రతి పనికీ ఒక పేరు, ఒక గడువు, చివర ఒక శిలాఫలకం. గడువు తీరగానే కోటలో నగారా మోగుతుంది. మోగాక ఆ పని మీద చెయ్యి వేసినవాడికి కొరడా దెబ్బలు. దళవాయికి గడ్డం గీస్తూండగా క్షురకుడి గడువు తీరిపోయింది. పాపం, నెల్లాళ్లుగా ఆయన సగం గడ్డంతోనే సైన్యాన్ని నడుపుతున్నాడు.

అలా నూట ఎనిమిది పథకాలయ్యాక మావటి గవరయ్య వంతు వచ్చింది.

పట్టపుటేనుగు పేరు దివాణం లెక్కన ఐరావతరత్నం. గవరయ్యకు మాత్రం రత్తాలు. గోతిలో పడిన గున్నని పైకి తీసి, పాలు పట్టి పెంచినవాడు అతనే. ఆ ఏనుగు ఇంకెవరి మాటా వినదు. ఆ సంగతి అతను అడిగినవాళ్లకీ చెప్పేవాడు, అడగనివాళ్లకీ చెప్పేవాడు.

“ప్రభూ, రత్తాలుని నా నుంచి విడదీయకండి,” అని వేడుకున్నాడు గవరయ్య. “ఏనుగు రోజూ తింటుంది, రోజూ స్నానం చేస్తుంది. ఈ పనికి ముగింపెక్కడుంది?”

“ముగింపు లేని పని సోమరుల పని!” అన్నాడు రాజు. “ఏనుగు మచ్చికయింది. నీ పథకం పూర్తయింది. దశమినాడు మమ్మల్ని ఊరేగించు. ఏటి అవతల నీ శిలాఫలకం ఆవిష్కరిస్తాం. మిట్టమధ్యాహ్నం నగారాతో నీ గడువు సరి.”

“మోగిన క్షణమే దిగిపోవాలా, ప్రభూ?”

“ఆ క్షణమే!”

“ఒక్క అడుగైనా...”

“అరడుగు కూడా కుదరదు!”

“చిత్తం,” అన్నాడు గవరయ్య.

దశమినాడు రాజు అంబారీ ఎక్కాడు. పొద్దున్నే బయల్దేరినా, దండాలు అందుకోవడానికి వీధి వీధికీ ఆపమన్నాడు. గవరయ్య వద్దనలేదు. ఆపమననిచోట కూడా ఆపాడు. తీరా రత్తాలు ఏటి మధ్యకు వచ్చేసరికి కోటలో నగారా మోగింది.

గవరయ్య చటుక్కున నీళ్లలోకి దిగి, రాజుకి దండం పెట్టి, ఒడ్డుకి నడిచాడు.

“ఒరేయ్ గవరయ్యా! ఎక్కడికిరా?”

“పథకం పూర్తయింది, ప్రభూ. జయము జయము!”

“ముందు నన్ను అవతలికి చేర్చు!”

“అది వేరే పథకం. ఇప్పుడు ఏనుగు మీద చెయ్యి వేస్తే కొరడా దెబ్బలు. మంత్రిగారిని అడగండి.”

ఒడ్డున మంత్రి తాటాకులు తిరగేసి గొంతు సవరించుకున్నాడు. “పేరు పెట్టడానికి మూడు రోజులు ప్రభూ, చాటింపుకి పదిహేను. తమరి ఆజ్ఞే.”

ఇంతలో రత్తాలు ముందుకాళ్లు మడిచింది. అంబారీ ఒరిగింది.

“ఏమిటిది?” రాజు కేక పెట్టాడు.

“దాని స్నానం వేళయింది, ప్రభూ. ఇక పడుకుని పక్కకి దొర్లుతుంది. పన్నెండేళ్లుగా ఒక్కపూటా తప్పలేదు,” అన్నాడు గవరయ్య. పెంచినవాడికి ఆమాత్రం గర్వం ఉండదూ?

నీళ్లు రాజు నడుముదాకా వచ్చాయి. “నీ కొలువు నీదే! గడువు లేదు! చాలా?”

“దీపాలు వెలిగించేవాడికి, ప్రభూ? పడవవాడికి? మంత్రసానికి?”

“వాళ్లకీ లేదు!”

“దళవాయిగారి గడ్డం?”

“గీయించండిరా!”

“లేవే రత్తాలూ,” అన్నాడు గవరయ్య నెమ్మదిగా.

రత్తాలు లేచి, రాజుని తెచ్చి ఒడ్డున నిలిపింది. రాజు తలపాగా పిండుకుంటూ గవరయ్యను ఎగాదిగా చూశాడు. రాజు పకపకా నవ్వేశాడు. తన చేతి కంకణం తీసి గవరయ్యకు తొడిగాడు. నూట తొమ్మిది శిలాఫలకాలూ ఏనుగు దిగడానికి ఏటిగట్టున మెట్లుగా పరిపించాడు.

మర్నాడు మధ్యాహ్నం రాజు ఒక్కడే, గోచీ బిగించి రేవుకొచ్చి, రత్తాలు వీపు తోమాడు. ఆ మర్నాడూ వచ్చాడు. అలా ఇరవై ఆరేళ్లు వచ్చాడు. చెవుల వెనక మాత్రం సరిగ్గా తోమడని గవరయ్య చెప్పేవాడు.